వేగానికి ఒక పత్రం, నిలకడకు ఒక పత్రం

వీధిలో ఒక మోటారు సైకిలు పెద్ద చప్పుడుతో దూసుకొని పోతే, అరుగు మీద కూర్చున్న పెద్దలు తల ఊపి, "ఆ బండీ నిలవదు, దాని మీది కుర్రవాడూ నిలవడు" అని అనుకోవడం కద్దు. వేగంగా పోయే వస్తువు త్వరగా చెడుతుందని మనకు ఒక నమ్మకం. గుర్రాన్ని చూచి, ఎద్దును చూచి మన పెద్దలు ఏర్పరచుకున్న నమ్మకం అది. యంత్రం విషయంలోనూ అది నిజమేనా? నూరు మైళ్ళ వేగానికి తయారైన మోటారు సైకిలును ఏటికొకసారి నిలబెట్టి, దీపం మొదలు గొలుసు వరకు పరీక్షించినట్లయితే, అది నెగ్గుతుందా, తప్పుతుందా?

ఈ ప్రశ్నకు ఊహతో గాక లెక్కతో బదులు చెప్పగల దేశం బ్రిటను. అక్కడ 3 ఏళ్ళు నిండిన మోటారు సైకిలు ఏటేటా పరీక్షకు వెళ్ళి యోగ్యతాపత్రం తెచ్చుకోవలసి ఉన్నది. ఇటీవలి సంవత్సరాలలో అక్కడ మొదటి పరీక్షలో తప్పిన మోటారు సైకిళ్ళు ఆరింట ఒకటికి అటూ ఇటూగా ఉంటే, కార్లు మూడింట ఒకటికి దగ్గరగా ఉన్నవి. అనగా, పెద్దల నమ్మకానికి విరుద్ధంగా, నాలుగు చక్రాల బండి కంటె రెండు చక్రాల బండియే పరీక్షలో ఎక్కువ నిలకడ చూపుతున్నది. ఈ విచిత్రం వెనుక ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో రెండు రకాల పత్రాలు మనకు కనిపిస్తవి. ఒకటి వేగానికి ఇచ్చిన పత్రం, రెండవది నిలకడకు ఇచ్చిన పత్రం.

మొదట వచ్చినది వేగపు పత్రమే. మాన్ దీవిలో 1907 మే నెలలో ప్రసిద్ధమైన మోటారు సైకిలు పందాలు ప్రారంభమైనవి. అటు తరువాత వేగమే ఈ యంత్రానికి ఘనత అయినది. నాటింగ్‌హామ్ నగరంలో జార్జి బ్రో అనే తయారీదారు 1924లో 'ఎస్.ఎస్. 100' అనే మోటారు సైకిలును ప్రవేశపెట్టినాడు. ఆ పేరులోని 100 గంటకు నూరు మైళ్ళకు గుర్తు. ఆ బండి ఆ వేగాన్ని అందుకొన్నదని ధ్రువపరుస్తూ కొన్నవారి చేతికి పత్రం ఇచ్చేవారు. బర్మింగ్‌హామ్‌కు చెందిన బి.ఎస్.ఎ. సంస్థ వారి 'గోల్డ్ స్టార్' కథ కూడా ఇటువంటిదే. 1937 జూన్‌లో వాల్టర్ హేండ్లీ అనే పందెగాడు బ్రూక్‌లాండ్స్ పరుగుబాటపై ఆ సంస్థ బండి మీద నూరు మైళ్ళకు మించిన వేగంతో చుట్టు తిరిగినాడు. అందుకు ఆయనకు బంగారు నక్షత్రపు బిళ్ళ ఇచ్చినారు. ఆ బిళ్ళ పేరే మరుసటి ఏట బండి పేరైనది.

ఈ పత్రాలు, బిళ్ళలు అబద్ధాలు కావు. కాని అవి చెప్పే మాట ఒక్కటే: ఈ యంత్రం పుట్టిననాడు, నిపుణుడైన మనిషి చేతిలో, ఇంత వేగం పోయినది. అయిదేళ్ళు వానలో, బురదలో తిరిగి, ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారిన తరువాత దాని బ్రేకు పట్టుతుందో లేదో ఆ పత్రం చెప్పదు. బిడ్డ పుట్టినప్పుడు వ్రాయించిన జాతకం చూపించి, నలభయ్యోయేట వైద్యుని దగ్గరకు పోకుండా ఉండగలమా?

జార్జి బ్రో బండ్లపై మక్కువ గలవారిలో జగత్ప్రసిద్ధుడు 'అరేబియా లారెన్స్' అని పేరు పొందిన టి.ఇ. లారెన్స్. ఆయన ఒకదాని తరువాత ఒకటిగా అటువంటి బండ్లు ఏడింటిని నడిపినాడు. 1935 మే 13వ తేదీన డార్సెట్ ప్రాంతంలో తన ఇంటికి సమీపాన, సైకిళ్ళపై వస్తున్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయినాడు. 19వ తేదీన మరణించినాడు. ఆయనకు చికిత్స చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే శస్త్రవైద్యుడు ఉన్నాడు. తలకు తగిలే దెబ్బలను గురించి ఆయన జరిపిన పరిశోధన 1941లో వెలువడినది. శిరస్త్రాణం ప్రాణం కాపాడుతుందని లోకానికి నిరూపించిన పరిశోధనలలో అది మొదటి వరుసలోనిది. అయినా బ్రిటనులో శిరస్త్రాణం చట్టం కావడానికి 1973 జూన్ వరకు పట్టినది. తెలిసిన సంగతికీ, చట్టమైన సంగతికీ నడుమ ఇంత దూరం ఉంటుందని ఈ కథలో పలుమార్లు చూస్తాము.

యంత్రాన్ని కాలానుసారంగా పరీక్షించవలెననే ఆలోచన మోటారు బండ్లతో పుట్టలేదు. అది ఆవిరి బాయిలర్లతో పుట్టినది. జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో 1865లో ఒక బీరు తయారీశాలలో బాయిలరు పేలినది. మరుసటి ఏడు అక్కడి యజమానులు తమంతట తామే ఒక సంఘంగా ఏర్పడి, బాయిలర్లను నిపుణులచేత తనిఖీ చేయించుకోసాగినారు. కొత్తగా ఉన్నప్పుడు గట్టిదైన ఇనుము కాలక్రమాన పలుచబడుతుంది. పలుచబడినట్లు బయటికి కనిపించదు. కాబట్టి వెతికి చూడవలెను. ఈ చిన్న వివేకమే తరువాత మోటారు బండ్లకు వర్తించినది. జర్మనీలో 1951 నుండి బండ్లకు నియతకాల పరీక్ష విధిగా అమలులోనికి వచ్చినది.

బ్రిటను మాత్రం ముందు మనిషిని పరీక్షించినది. 1934లో అక్కడి రోడ్లపై 7,343 మంది మరణించినారు. ఆ భీతితో 1935 జూన్ 1వ తేదీ నుండి కొత్తగా బండి నడపదలచిన వారికి పరీక్ష తప్పనిసరి చేసినారు. కాని సొంత బండి మాట ఎత్తలేదు. ప్రయాణికులను ఎక్కించుకొనే బస్సులకు 1930 చట్టంతోనే యోగ్యతాపత్రాలు వచ్చినా, సొంతదారు బండి అతని ఇష్టానికే విడిచిపెట్టబడినది. నడిపేవానికీ నడిచేదానికీ మధ్య ఇరవై అయిదేళ్ళ ఎడం ఏర్పడినది.

ఆ ఎడం 1956 నాటి రోడ్డు రవాణా చట్టంతో తగ్గనారంభించినది. ఆ చట్టం ఇచ్చిన అధికారంతో, ఎర్నెస్ట్ మార్పుల్స్ రవాణా మంత్రిగా ఉన్న కాలంలో, 1960 సెప్టెంబరు 12వ తేదీన పరీక్షలు ప్రారంభమైనవి. చూసేవి మూడే: బ్రేకులు, దీపాలు, స్టీరింగు. పిలిచేది పది సంవత్సరాలు నిండిన బండ్లను మాత్రమే. అందుచేత జనం దానిని 'పదేళ్ళ పరీక్ష' అని పిలిచినారు. ప్రభుత్వం తానుగా పరీక్షాలయాలు కట్టలేదు. ఊరూరా ఉన్న మరమ్మతు షెడ్లకు అధికారం ఇచ్చినది. నీలిరంగు పలకపై మూడు తెల్ల త్రిభుజాల గుర్తు వాటికి నేటికీ ఆనవాలు.

ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. ఆ 1960లో బ్రిటను రోడ్లపై 6,970 మంది చనిపోయినారు. వారిలో మోటారు సైకిళ్ళపై ప్రయాణించేవారు పదిహేను వందలకు పైబడినారు. లండను ఉత్తరపు చుట్టురోడ్డుపై ఉన్న 'ఏస్ కెఫే' వంటి కాఫీ హోటళ్ళ ముందు కుర్రవాళ్ళు గుమికూడి, ఒక హోటలు నుండి మరొక హోటలుకు పందాలు వేసుకొనే రోజులవి. ట్రయంఫ్ సంస్థ వారి 'బోనవిల్' 1959 మోడలుగా బజారుకు వచ్చినది. నార్టన్ చట్రంలో ట్రయంఫ్ ఇంజను బిగించి 'ట్రైటన్' అనే సంకరజాతి బండిని కుర్రవాళ్ళు తమ షెడ్లలో తామే కట్టుకునేవారు. 1959 నవంబరులో ప్రారంభమైన 'ఎమ్ 1' రహదారిపై వేగానికి హద్దే లేదు. ఆ హద్దు 1965 డిసెంబరులో గాని రాలేదు.

ఇటువంటి కాలంలో వచ్చిన పరీక్ష ఎవరిని పిలిచినది? పదేళ్ళ ముసలి బండిని పిలిచినది. నిరుడు కొన్న బోనవిల్‌ను పిలువలేదు. ప్రాణాలు పోతున్నది ఒక చోట, లాంతరు పెట్టి వెతికినది మరొక చోట! అయితే ఆ వెతుకులాట వృథా కాలేదు. తప్పిన బండ్ల సంఖ్య అధికారులు ఊహించిన దానికంటె చాల ఎక్కువగా ఉన్నది. దానితో 1961 ముగిసే సరికే పదేళ్ళను ఏడేళ్ళకు దించినారు. 1967 ఏప్రిల్‌లో ఏడేళ్ళను మూడేళ్ళకు దించినారు. 1959లో కొన్న బోనవిల్ పదేళ్ళ లెక్కన 1969 వరకు పరీక్ష ముఖం చూడనక్కరలేదు. ఏడేళ్ళ లెక్కన 1966లో చూడవలసి వచ్చినది. 1964లో కొన్నదానికి మూడేళ్ళ లెక్క వచ్చి 1967లోనే పిలుపు అందినది. వేగపు బండికీ పరీక్షకునికీ ముఖాముఖి ఇట్లా మెల్లమెల్లగా ఏర్పడినది. 1968లో టైర్లు పరీక్షలో చేరినవి. 1977లో హారను, పొగగొట్టం, మలుపు దీపాలు, బండి కట్టడం మొదలైనవి చేరినవి.

ఈ లోపల బండి కూడా మారినది. ఆ తరం బండ్లలో వేగానికి తగిన బ్రేకు లేకపోవడం పెద్ద కొరత. 1948లో వచ్చిన విన్సెంట్ 'బ్లాక్ షాడో' గంటకు 125 మైళ్ళు పోగలిగేది. దానిని ఆపడానికి ఒక్కొక్క చక్రానికి రెండేసి డ్రమ్ము బ్రేకులు అమర్చవలసి వచ్చినది. డ్రమ్ము వేడెక్కిన కొద్దీ పట్టు సడలుతుంది. 1969లో జపానునుండి వచ్చిన హోండా 'సి.బి. 750' ముందు చక్రానికి నూనె ఒత్తిడితో పనిచేసే డిస్కు బ్రేకు అమర్చి, వేగపు బండి ఎట్లా ఉండవలెనో కొత్త కొలత పెట్టినది. 1985లో సుజుకి 'జి.ఎస్.ఎక్స్.-ఆర్. 750', 1992లో హోండా 'ఫైర్‌బ్లేడ్', 1998లో యమహా 'ఆర్ 1' పందెపు మైదానంలోని నిర్మాణాన్ని సామాన్యుని చేతికి తెచ్చినవి. పందెంలో గెలవడానికి చేసిన మంచి బ్రేకు, గట్టి చట్రం, పరీక్షలో నెగ్గడానికి కూడా పనికివచ్చినవి. వేగం కోసం పడిన శ్రమలో కొంత నిలకడకు చెందినది.

మరి పరీక్షకుడు ఏమి చూస్తాడు? ముందు చక్రాన్ని నేలకు ఎత్తిపట్టి హ్యాండిలును అటూ ఇటూ త్రిప్పి, తలభాగంలోని బేరింగులలో వదులు గాని, బిగుసుకొనడం గాని ఉన్నదా అని చూస్తాడు. ముందు ఫోర్కుల నుండి నూనె కారుతున్నదా అని చూస్తాడు. ముందు చక్రం, వెనుక చక్రం ఒకే గీతలో ఉన్నవా అని చూస్తాడు. ఒకసారి పడి లేచిన బండి ఈ గీతలోనే దొరికిపోతుంది. రెండు బ్రేకులలో ఒకటి కనీసం నూటికి 30 వంతుల సామర్థ్యమూ, రెండవది కనీసం 25 వంతుల సామర్థ్యమూ చూపవలెను. టైరు వెడల్పులో ముప్పాతిక భాగంలో 1 మిల్లీమీటరు లోతుకు తగ్గకుండా గాడులు ఉండవలెను. గొలుసు మరీ వ్రేలాడరాదు. దీపం ఎదుటివాని కళ్ళలో గాక రోడ్డు మీద పడవలెను.

ఈ పట్టికను చూస్తే మోటారు సైకిలు కారు కంటె ఎందుకు ఎక్కువగా నెగ్గుతుందో తెలుస్తుంది. మొదటి కారణం, దాని అవయవాలన్నీ కంటి ముందు ఉంటవి. కారు క్రింద త్రుప్పు పట్టినది యజమానికి తెలియదు. మోటారు సైకిలు గొలుసు వదులైనది తుడిచే గుడ్డకే తెలుస్తుంది. రెండవ కారణం, ఆ దేశంలో స్పోర్ట్స్ మోటారు సైకిలు చాలమందికి నిత్యావసరం కాదు, ముచ్చట. ఎండ ఉన్న ఆదివారాలలో బయటికి తీసి, చలికాలమంతా గుడ్డ కప్పి ఉంచే యజమానులు అనేకులు. అది తిరిగే మైళ్ళు తక్కువ. మూడవ కారణం అన్నింటికంటె బలమైనది. కారు బ్రేకు బలహీనమైతే నడిపేవానికి చుట్టూ ఇనుప గూడు ఉన్నది. మోటారు సైకిలు మీది మనిషికి తన చర్మమే గూడు. ప్రాణభయం మంచి మెకానిక్కు.

అయితే తప్పినప్పుడు ఈ బండ్లు ఎందులో తప్పుతున్నవి? దీపాలు, సూచికలు ముందు వరుసలో ఉన్నవి. తరువాత బ్రేకులు, టైర్లు, స్టీరింగు. స్పోర్ట్స్ బండికి ప్రత్యేకమైన కొన్ని తప్పులు కూడా ఉన్నవి. మెత్తని రబ్బరు టైరు మలుపులలో గట్టిగా పట్టుతుంది కాని త్వరగా అరుగుతుంది. నిటారు రోడ్డుపై తిరిగితే నడుమభాగం బల్లపరుపు అవుతుంది. సొగసు కోసం నంబరు పలకను చిన్నది చేసి పైకి వంచితే తప్పు. మలుపు దీపాలు పీకి పారవేసి, కంటికి ఆననంత చిన్నవి పెడితే చిక్కు. "రహదారిపై వాడరాదు" అని దాని మీదనే ముద్ర వేసి ఉన్న పందెపు పొగగొట్టం బిగిస్తే తప్పు. వీటిలో కర్మాగారం చేసిన దోషం ఏది? టైరు అరగడం కాలధర్మం. తక్కినవన్నీ యజమాని చేతి చలువే. యంత్రం నమ్మకమైనదే. దానిని నమ్మకంగా ఉంచుకోవడం మన వంతు.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. పరీక్ష ముందురోజు పందెపు గొట్టం విప్పి అసలు గొట్టం బిగించి, పత్రం చేతికి రాగానే మళ్ళీ పందెపు గొట్టం తగిలించేవారు కొందరు ఉన్నారు. వారు పరీక్షకుని మోసగించినామని అనుకుంటారు. కాని బ్రిటను ప్రభుత్వం ఆ పత్రాన్ని గురించి మొదటినుండీ ఒక మాట స్పష్టంగా చెబుతున్నది. పరీక్ష జరిగిన వేళకు బండి కనీస ప్రమాణంలో ఉన్నదని మాత్రమే ఆ పత్రం సాక్ష్యం. ఏడాది పొడుగునా ఉంటుందని కాదు. ఇంజను, క్లచ్చి, గేరుపెట్టె లోపలి స్థితి అసలు ఆ పరీక్షలోనే లేదు. ఏటికి ఒక్కరోజు మాట అది. మిగిలిన మూడువందల అరవై నాలుగు రోజులకు సాక్షి యజమాని ఒక్కడే.

2005 ప్రాంతంలో ఈ పరీక్షల లెక్క కంప్యూటరులోనికి ఎక్కినది. ఈనాడు బండి నంబరు చెబితే, అది ఏయే సంవత్సరం నెగ్గినది, దేనిలో తప్పినది, అప్పటికి ఎన్ని మైళ్ళు తిరిగినది, ఎవరైనా చూడవచ్చును. తప్పకపోయినా "ఇది అరగనారంభించినది, కనిపెట్టి ఉండవలెను" అని పరీక్షకుడు వ్రాసిన సలహా కూడా అందులో ఉంటుంది. 2018 మే నుండి లోపాలను ప్రమాదకరమైనవి, పెద్దవి, చిన్నవి అని విడదీసినారు. పాత బండి కొనేవాడు నెగ్గినదా తప్పినదా అని మాత్రమే చూస్తే సగమే చదివినట్లు. నిరుడు సలహాగా వ్రాసినది ఈ ఏడు తప్పుగా మారినదంటే, ఆ యజమాని ఏడాదిపాటు చెవిని పెట్టలేదన్నమాట. ఒకసారి తప్పి, ఆ సాయంకాలమే బాగుచేయించుకొని నెగ్గిన బండి దానికంటె నయం. ఏళ్ళ వరుసను చదివితే బండి చరిత్ర మాత్రమే కాదు, మనిషి స్వభావం కూడా తెలుస్తుంది.

ఇటువంటి పరీక్షే వద్దనే వాదమూ ఉన్నది. ఫ్రాన్సులో మోటారు సైకిళ్ళవారు ఏళ్ళ తరబడి ఊరేగింపులు చేసి ప్రతిఘటించినారు. బండి లోపం వలన జరిగే ప్రమాదాలు స్వల్పమనీ, మనుషుల తప్పులూ రోడ్ల గుంతలే అసలు కారణమనీ వారి వాదన. అయినా 2024 ఏప్రిల్ 15వ తేదీ నుండి అక్కడ కూడా పరీక్ష వచ్చినది. వారి వాదనలో సత్యం లేకపోలేదు. లారెన్స్ మరణానికి బ్రేకు కారణం కాదు గదా! కాని బండి లోపాల ప్రమాదాలు తక్కువగా ఉన్న చోట, అరవై ఏళ్ళుగా లోపాలను వెతికి సరిచేస్తున్నందువలననే తక్కువగా ఉన్నవేమో అనికూడా ఆలోచించవలెను. గట్టు తెగని చెరువును చూచి గట్టు అనవసరమని అనుకోరాదు.

మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత మోటారు సైకిలు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తరువాత బండిని చూపించి 5 ఏళ్ళకొకసారి పొడిగించుకోవలెను. పొగ పరీక్ష మాట అటుంచితే, నడుమ ఆ 15 ఏళ్ళలో బ్రేకును, టైరును విధిగా చూసే పరీక్షకుడు లేడు. కనుక ఆ పదవి మన ఇంట్లోనే ఉన్నది. మా రేడియో కేంద్రంలో ప్రతి ప్రసారానికి ముందు ఇంజనీరు తీగను, మైకును మళ్ళీ పరీక్షిస్తాడు. నిన్న రాత్రి బాగా పలికినది గదా అని ఊరుకోడు. నిన్నటి మాట నిన్నటిదే.

జార్జి బ్రో ఇచ్చిన పత్రం యంత్రం ఎంత దూరం పోగలదో చెప్పినది. మూడు త్రిభుజాల పలక క్రింద ఇచ్చే పత్రం అది ఆగగలదా అని అడిగినది. బండి రోడ్డు మీదికి వెళ్ళే ముందు రెండవ ప్రశ్న రోజూ వేసుకోదగినది. దానికి రుసుము లేదు. ఒక్కసారి వంగి చూస్తే చాలును.